ముందు లోపలికి వెళ్ళు, తెర సంగతి తర్వాత

చిరంజీవి అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు. పలువరుస బాగాలేదని నిన్ను యాంకర్‌గా వద్దన్నారట, మీ నాన్న ఫోనులో చెప్పాడు. వినగానే నాకూ ఒళ్ళు మండింది. కానీ ఆ కోపంలో టీవీ ఉద్యోగమే వద్దనుకోకు తల్లీ. టీవీలో జంతువుల, ప్రకృతి కార్యక్రమాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న బ్రిటిష్ ఆయన డేవిడ్ అటెన్‌బరో కూడా అచ్చంగా ఇదే మాట పడ్డవారు.

1950 ప్రాంతంలో ఆయన పిల్లల సైన్సు పుస్తకాలు దిద్దే పనిలో ఉంటూ, బీబీసీ రేడియోలో ప్రసంగాల నిర్మాత ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారు. రాలేదు. ఆ కాగితమే బీబీసీ టెలివిజన్‌లో ప్రసంగాల విభాగం చూస్తున్న మేరీ ఆడమ్స్ కంటపడింది. శిక్షణకు రమ్మన్నారామె. అప్పటికి ఆయనకు సొంత టీవీ లేదు, జన్మలో చూసిందీ ఒకే ఒక్క కార్యక్రమం! 1952లో ఉద్యోగం స్థిరపడింది. తెర మీదికి మాత్రం వద్దన్నారు. పళ్ళు మరీ పెద్దవట.

ఆయన అలగలేదు. క్విజ్ అంటే క్విజ్, జానపద గీతాలంటే జానపద గీతాలు, కెమెరా వెనక నిలబడి చేశారు. కాబట్టి ఈసారి నీ దరఖాస్తులో యాంకర్ ఒక్కటే రాయకు. స్క్రిప్టు, ఎడిటింగ్, సమాచార సేకరణ, ఏదిచ్చినా చేస్తానని రాయి.

1954లో లండన్ జూతో కలిసి 'జూ క్వెస్ట్' అనే టీవీ కార్యక్రమం మొదలుపెట్టారు. పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ అడవుల్లో ఒక వింత పక్షిని వెతకడం అందులో ముఖ్యం. పసుపు రంగు బోడితల, తెల్లని మెడ, బండరాళ్ళకు మట్టితో కట్టే గూడు. కథ చెప్పవలసినవారు జూలో పాముల విభాగం చూసే జాక్ లెస్టర్. మొదటి భాగం ప్రసారం కాగానే ఆయన మంచాన పడ్డారు. స్టూడియోలో మాటలన్నీ ప్రత్యక్ష ప్రసారమే, వారం తిరిగేసరికి రెండో భాగం ఇవ్వాలి. ఆ అడవి తిరిగివచ్చిన మనిషి కావలసివచ్చాడు. పళ్ళ మాట పక్కకు పోయింది. అటెన్‌బరో తెర మీదికి వచ్చింది అలా.

నన్ను అన్నిటికన్నా కదిలించేది ఆ ఫిల్ము. ప్రసారం నలుపు తెలుపుల్లోనే అయినా, దృశ్యం స్పష్టంగా వస్తుందని రంగుల ఫిల్ము మీదే తీశారు. ఆ రంగులు జనం కంటపడింది 2016లో! నువ్వూ అలాగే, ఎవరూ చూడరనుకున్న చోట కూడా పని పలచన చేయకు.

ఇంకొకటి. అటెన్‌బరో పెరిగింది ఇంగ్లండులో లెస్టర్ అనే నగరంలో. చిన్నప్పుడు ఆ పిల్లవాడు అక్కడి కాలేజీ జంతుశాస్త్ర విభాగానికి నీటిబల్లులు పట్టి, ఒక్కోటి మూడు పెన్నీలకు అమ్మేవాడు. ఆ విభాగం పక్కనున్న గుంటలోనే పట్టేవాడు! ఆ ఇష్టమే ఆయనకు ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది. నీకు చిన్నప్పటినుంచీ కొల్లేరు పక్షులంటే ప్రాణం కదా, దాన్ని వదలకు.

సంక్రాంతికి వచ్చినప్పుడు కొల్లేటి దగ్గర పక్షుల కేంద్రం ఆటపాక వెళ్దాం. గూడబాతులు గూళ్ళ మీద ఉంటాయి. ఐదు నిమిషాల మాట నువ్వు రాసుకుని రా, ఫోనులో నేను తీస్తాను.

మీ పెదనాన్న