వయసు మళ్లిన సిబ్బందికి యాప్ నేర్పడం ఎలా?

వృద్ధాశ్రమం నడుపుతున్నాననీ, యాభై దాటిన ఆయాలకి ఎన్ని ట్రైనింగ్‌లు పెట్టినా కొత్త యాప్ పట్టుబడడం లేదనీ, ఏం చేయాలో చెప్పమనీ అడిగారు. కోనసీమలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసినదాన్ని కాబట్టి గట్టిగానే చెప్తాను. దీనికీ వయసుకీ సంబంధం లేదండి. తప్పు నొక్కితే జీతం కోస్తారేమో, మెమో ఇస్తారేమో అన్న భయమే అడ్డం. హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, అందరినీ ఒకేసారి కూర్చోబెట్టి, ఇంగ్లీషు స్లైడ్లు చూపిస్తే ఆ భయం రెట్టింపవుతుంది.

మా అంగన్‌వాడీల్లో పిల్లల, తల్లుల లెక్కలన్నీ ఎక్కించే పోషణ్ ట్రాకర్ యాప్ 2021లో వచ్చింది. 2025 జూలై 1 నుంచి అంగన్‌వాడీ నుంచి ఇంటికిచ్చే రేషన్‌కి ముఖ గుర్తింపు తప్పనిసరి చేశారు. అంటే ముందు ఆధార్ ఓటీపీతో ఈకేవైసీ, అంటే మనిషి ఎవరో రుజువు చేసుకోవడం, అవ్వాలి, తర్వాత బాలింత ముఖం ఫోన్లో సరిపోలాలి. మా వైపు చిక్కంతా ఓటీపీ దగ్గరే. ఆధార్‌కి ఉన్న నంబరు భర్తది, ఆయనేమో కువైట్‌లో. ఇక్కడ పొద్దున్న పదయితే అక్కడ ఏడున్నర, ఆయన డ్యూటీకి బయల్దేరే వేళ. పైగా ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్లు రోజూ మెసేజ్ పెడతారు, మనమేమో వెళ్లి చెప్పమంటాం. ఏ ట్రైనింగ్‌లోనూ ఈ మాట ఎవరూ ఎత్తలేదు.

దీనికి దారి చూపించింది రిటైర్మెంట్ దగ్గరపడ్డ ఒక లంక ఊరి అంగన్‌వాడీ టీచరు. ఎవరి నంబరు ఎవరి దగ్గరుందో రిజిస్టరు వెనక పేజీలో రాసుకుంది. ముందురోజు రాత్రే ఆ బాలింత చేత భర్తకి వాట్సాప్ కాల్ చేయించి, తనూ మాట్లాడి, "బాబూ, రేపు పొద్దున్న అంకెలొస్తాయి, రేషన్ కోసమే, డబ్బులకి కాదు" అని నచ్చచెప్పేది. తెల్లారి ఆయన అంకెలు చదువుతుంటే ఈవిడ కొట్టేది.

నా కింది అంగన్‌వాడీ టీచర్లంతా కలిసే సెక్టార్ మీటింగ్‌లో మిగతావాళ్లకి ఆవిడ చేతే నేర్పించాను. చాప మీద కూర్చుని, ఎవరి ఫోనూ తను ముట్టుకోలేదు. పక్కావిడ గోరుతో నొక్కుతోంది, స్క్రీన్ తీసుకోవడం లేదు. "గోరు కాదక్కా, వేలి మెత్త ఆనించి వెంటనే తీసెయ్" అంది. రెండోసారికి పేజీ తెరుచుకుంది. "ఆయ్, వచ్చేసిందండి!" అని ఆవిడ నావైపు తిప్పి చూపించింది. ఆ గోరు సంగతి ఇంజినీరింగ్ చదివిన ట్రైనర్ కుర్రాడి కంట్లో పడనే లేదు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. యాప్ ఇచ్చాక కూడా అదే లెక్క రిజిస్టర్లోనూ రాయమంటారు. బరువు, ఎత్తు, హాజరు అన్నీ రెండేసి సార్లు. పిల్లలకి పాట నేర్పాల్సిన పొద్దంతా రాతకోతలకే పోతుంటే ఆ యాప్ మీద ఎవరికి ఇష్టం పుడుతుంది? మూడేళ్ల పిల్లని తూకంలో కూర్చోబెట్టడమే ఒక యుద్ధం, ఆ పక్కన ఫోను పట్టుకుని ఆవిడొక్కతే ఏం చేస్తుంది?

అందుకని మీరు బయటి ట్రైనర్ని మానేయండి. మీ ఆయాల్లో ముందుగా పట్టుకున్నావిడ ఎవరో చూసి, రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ పక్కన ఇద్దరిని కూర్చోబెట్టండి. మొదట హాజరు ఒక్కటే యాప్‌లోకి మార్చండి. అది కుదురుకున్న రోజే హాజరు పుస్తకం తీసి బీరువాలో పెట్టి తాళం వేయండి. మందుల లెక్క మాత్రం అందరి చెయ్యీ తిరిగేదాకా కాగితం మీదే ఉంచండి.