మహిళా సంఘం మీటింగులో యాంటీబయాటిక్స్ గురించి ఏం చెప్పాలి?

"మా ఊళ్లో ప్రతి జ్వరానికీ మెడికల్ షాపు నుంచి యాంటీబయాటిక్ తెచ్చుకుంటారు. సంఘం మీటింగులో దీని గురించి మాట్లాడమన్నారు. డాక్టర్ని కాను, నా మాట వింటారా?" అని ఒక సంఘం సభ్యురాలు అడిగారు. వింటారండి. నేను ఖమ్మం జిల్లాలో ఏఎన్ఎంగా చేస్తున్నాను. డాక్టరు చెబితే తలూపి వెళ్లిపోయేవాళ్లు పక్కింటి మనిషి చెబితే ఎదురు ప్రశ్న వేస్తారు. అలా అడిగితేనే మాట బుర్రకెక్కుతుంది.

ముందు ఒక అపోహ పోగొట్టాలి. "మందులు ఎక్కువ మింగితే ఒంటికి అలవాటైపోతాయి. నేను ఎప్పుడో గానీ మింగను, నాకేం భయం?" అనుకుంటారు చాలామంది. మందుకు లొంగకుండా తయారయ్యేది ఒళ్లు కాదు, క్రిమి. మందు పడితే బలహీనమైనవి చస్తాయి, తట్టుకున్నవి మిగిలి పెరుగుతాయి. చేతుల నుంచి, నీళ్ల నుంచి అవి ఇంకొకరికి అంటుకుంటాయి.

మా దగ్గర ఒక గర్భిణికి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వస్తే కల్చర్ పరీక్ష చేయించారు. ఆ రిపోర్టులో ఒక్కో మందు పేరు పక్కన, క్రిమి దానికి లొంగితే ‘ఎస్’ అని, లొంగకపోతే ‘ఆర్’ అని ఉంటుంది. ఆమెకు చాలావరకు ‘ఆర్’లే వచ్చాయి. "ఈ మందులు నేనెప్పుడూ మింగలేదు కదా మేడం" అంది. మింగక్కర్లేదు, మొండికేసిన క్రిమి చేరితే చాలు. కడుపుతో ఉన్నవాళ్లకు ఇవ్వదగిన మందులే తక్కువ, వాటిలోనూ పనిచేయనివి ఉంటే ఇక డాక్టరు చేతిలో ఏం మిగులుతుంది? అలాంటి నమూనా రిపోర్టు ఒకటి, ఎవరి పేరూ లేకుండా, మీ ఏఎన్ఎంను అడిగి తీసుకెళ్లండి. గంటసేపు ఉపన్యాసం ఇచ్చినా రాని ఫలితం ఆ ఒక్క కాగితంతో వస్తుంది.

ఇంట్లో మందుల డబ్బా కూడా తెమ్మనండి. సగం వాడి వదిలేసిన అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్ షీట్లు తప్పకుండా బయటపడతాయి. వాటి మీద నిలువుగా ఉండే ఎర్ర గీత చూపించండి. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ దీని గురించే ప్రచారం మొదలుపెట్టింది. ఇక్కడ జాగ్రత్త: ఎర్ర గీత ఉన్నదల్లా యాంటీబయాటిక్ కాదు. డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని దాని అర్థం. బీపీ మాత్రల మీద కూడా ఉండొచ్చు. అది చూసి ఏ పెద్దమ్మో బీపీ మందు మానేస్తే మనం చేసిన మేలు కంటే కీడే ఎక్కువ. టీబీ మందులు వాడేవాళ్ల విషయం కూడా అంతే. భయపెట్టేలా మాట్లాడకండి. డాక్టరు రాసింది రాసినన్ని రోజులూ వాడమనండి, మిగిలినవి ఇంకొకరికి ఇవ్వొద్దనండి.

ఎవరినీ తప్పుపట్టకండి. ఒకరోజు కూలి పోతుందన్న టెన్షన్‌తోనే వాళ్లు పవర్ మందు అడుగుతారు. సెఫిక్సిమ్ లాంటివి అమ్మితే రిజిస్టర్‌లో రాయాలని 2014 నుంచి నిబంధన ఉంది, అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. కాబట్టి "వాడొద్దు" అని ఆపేయకుండా, మరేం చేయాలో చెప్పండి. జలుబు, ఆ వెంట వచ్చే గొంతునొప్పి చాలావరకు వైరస్ వల్లే, బ్యాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ వాటికి పనిచేయదు. పిల్లల విరేచనాలకు ఓఆర్ఎస్, 14 రోజులు జింక్. మలంలో రక్తం పడినా, బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకుండా మగతగా ఉన్నా, జ్వరం మూడు రోజులకు తగ్గకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అప్పుడు యాంటీబయాటిక్ అవసరమైతే అది ప్రాణం నిలబెడుతుంది, సంకోచించకూడదు.

గేదెలున్న ఇళ్లు ఉంటే పొదుగువాపు మాట ఎత్తండి, అందరూ నోరు విప్పుతారు. దానికి యాంటీబయాటిక్ సూది వేయించాక పశువైద్యుడు చెప్పినన్ని రోజులు ఆ పాలు వాడకూడదు, అమ్మకూడదు. చేతులు కడుక్కోవడం, టీకాల గురించి క్లుప్తంగా చాలు. పిల్లలకు ఉచితంగా వేసే న్యుమోకాకల్ (న్యుమోనియాకు), రోటా (విరేచనాలకు) టీకాలు చాలావరకు అసలు జబ్బే రాకుండా ఆపుతాయి కాబట్టి మందు అవసరమూ తగ్గుతుందని చెప్పండి.

ఊరి ఆర్ఎంపీని, మెడికల్ షాపతన్ని కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టండి. వాళ్లు లేనప్పుడు వాళ్ల గురించి మాట్లాడితే గొడవవుతుంది. మీ ఏఎన్ఎం కూడా రావాలంటే బుధ, శనివారాలు వద్దు, అవి మాకు టీకాల రోజులు.