పికప్ లైట్లు మసకగా ఉంటే బల్బు మార్చే ముందు వైరింగ్ చూడండి

మీ పికప్‌లో డిప్ (కిందికి, దగ్గరి రోడ్డు మీద పడే) వెలుతురు చాలడం లేదని, ఇంట్లోనే ఎల్‌ఈడీ బల్బులు బిగించుకోవచ్చా అని అడిగారు. బిగించడం పది నిమిషాల పనే గాని, ఆ దారిలో వెళ్లి వెనక్కి వచ్చినవాణ్ణి కనుక మొదట వైరింగ్ చూడమంటాను.

నేను గార్లదిన్నె వైపు తోటల నుంచి అనంతపురం మార్కెట్ యార్డుకు చీనీకాయలు తోలుతుంటాను. తెల్లవారేలోగా చేరాలంటే 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రి ప్రయాణం తప్పదు. మొదట 60/55 వాట్ల (దూరానికి పడే బ్రైట్‌కు 60, డిప్‌కు 55) హెచ్4 రకం హాలోజన్ బల్బులు తీయించి 100 వాట్లవి వేయించాను. వెలుతురు పెరిగిన మాట నిజమే, కానీ రెండు నెలలు తిరిగేసరికి హోల్డరు కరిగి, రిఫ్లెక్టరు (బల్బు వెనుక వెలుతురును ముందుకు తిప్పే అద్దంలాంటి గిన్నె) పూత నల్లబడింది. ఆ తర్వాత ఎల్‌ఈడీలు. హాలోజన్ బల్బులో ఫిలమెంటు ఉండే చోటును బట్టే రిఫ్లెక్టరు వంపును తీరుస్తారు. ఎల్‌ఈడీ చిప్పులు సరిగ్గా అక్కడే కూర్చోకపోతే కాంతి చెదిరి ఎదుటివారి కళ్లలో పడుతుంది. ఎదురొచ్చే లారీలన్నీ నాకు డిప్పర్ కొడుతుంటే, బ్రైట్‌లో ఉన్నానేమోనని స్విచ్చి వైపు చూసుకున్న రాత్రులు చాలా ఉన్నాయి.

చివరకు ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి మల్టీమీటరుతో కొలిస్తే బ్యాటరీ వద్ద 13.8 వోల్టులు, బల్బు హోల్డరు వద్ద 12.2 వోల్టులు కనిపించాయి. కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చి గుండా సన్నని వైర్లలో తిరిగి వచ్చి, తుప్పు పట్టిన ఎర్త్ (బండి బాడీ మీదుగా బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే దారి) ద్వారా వెళ్లడంతో మిగతాది దారిలోనే ఖర్చవుతోంది. హాలోజన్ బల్బుకు వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు సుమారు 30 శాతం తగ్గుతుంది.

అందుకే బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి, డిప్‌కు ఒకటి, బ్రైట్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు (చిన్న కరెంటు సంకేతంతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చిలు) పెట్టాను. బ్యాటరీ పాజిటివ్ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు తీసి, బ్యాటరీకి దగ్గరగా ఒక్కో రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు వేసి 30వ పిన్నుకు, అక్కడి నుంచి 87వ పిన్ను ద్వారా బల్బులకు కలపాలి. పాత హోల్డరులో డిప్, బ్రైట్ వైర్లు వాటి వాటి రిలేల 86వ పిన్నుకు సంకేతం మాత్రమే ఇస్తాయి. 85వ పిన్ను ఎర్త్. బాడీకి ఎర్త్ బిగించే చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీదే బోల్టు వేయాలి, సగం జబ్బు అక్కడే ఉంటుంది. కొన్ని బండ్లలో స్విచ్చి ఎర్త్ వైపున ఉంటుంది కనుక కలిపే ముందు టెస్ట్ లైటుతో చూసుకోవాలి. ఈ పని తర్వాత అవే 60/55 వాట్ల బల్బులతో హోల్డరు వద్ద 13.4 వచ్చింది. కొత్త బల్బు వేస్తే గాజును వేళ్లతో తాకవద్దు.

ఇక డిప్ ఎత్తు. సమతలంలో గోడకు 10 మీటర్ల దూరంలో బండి నిలిపి, వెలుతురు పై అంచు బల్బు మధ్య ఎత్తు కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉండేలా స్క్రూలు తిప్పాలి. మనం ఎడమ పక్కన నడిపేవాళ్లం కనుక ఆ అంచు ఎడమ వైపునే పైకి లేవాలి. ఇదంతా ఖాళీ బండితో చేస్తే లాభం లేదు. లోడు ఎత్తగానే వెనుక భాగం కుంగి, వెలుతురు చెట్ల కొమ్మల్లోకి పోతుంది.

ముందుగా ఆ రెండు వోల్టేజీలూ కొలిచి చెప్పండి. తేడా అర వోల్టు లోపే ఉంటే మీకు రిలేలు అక్కరలేదు, అప్పుడు రిఫ్లెక్టరు సంగతి చూద్దాం.