అల్లాయ్ వీల్స్ కొనబోయే అల్లుడికి

అల్లుడూ,

నువ్వు పంపిన అల్లాయ్ వీల్స్ ఫొటోలు చూశాను. నల్లటి రంగు, ఆరు స్పోకులు, పదిహేడు అంగుళాలు. చూడ్డానికి బాగానే ఉన్నాయి, కాదనను. కానీ నీది స్విఫ్ట్ వీఎక్స్ఐ. నువ్వు తిరిగేది బెంగళూరులో. పండక్కీ పబ్బానికీ మదనపల్లె, రాయచోటి మీదుగా కడపకొస్తావు. వచ్చాక చేను చూడాలని ముద్దనూరు వైపు పోతావు. ఈ దారులకు పదిహేడు పనికిరాదు. పదిహేను వేయించుకో. మరీ మనసు ఊరుకోకపోతే పదహారు. అంతకు మించొద్దు.

ఎందుకంటావా, టైరు మీద రాసున్న అంకెలే చెప్తాయి. నీ బండికి ఇప్పుడున్నది 165/80 ఆర్14. అంటే టైరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. అందులో ఎనభై శాతం, అంటే 132 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ (రిమ్ముకూ రోడ్డుకూ మధ్య టైరు పక్క గోడ) ఎత్తు. రిమ్ము పద్నాలుగు అంగుళాలు. రిమ్ముకు పైనా కిందా సైడ్‌వాల్ కలుపుకుంటే చక్రం మొత్తం 620 మిల్లీమీటర్లు అవుతుంది. అదే నీ వీఎక్స్ఐకి పై రకమైన స్విఫ్ట్ జెడ్‌ఎక్స్ఐకి కంపెనీ ఇచ్చేది 185/65 ఆర్15. దాన్ని లెక్కేసినా 621 దరిదాపుల్లోనే వస్తుంది. 195/55 ఆర్16 వేసి చూడు, అదీ అంతే. రిమ్ము పెరిగినంత మేరా టైరు తరిగిందన్నమాట. మొత్తం ఎత్తు మారకూడదు కాబట్టి కంపెనీవాళ్లు కావాలనే అలా పెడతారు. ఆ ఎత్తు మారితే స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, గేర్ల లాగుడు మారుతుంది, చక్రం మడ్‌గార్డ్‌కు రాసుకుంటుంది.

ఇప్పుడు సైడ్‌వాల్ ఒక్కటే తీసి చూడు. పద్నాలుగుకు 132, పదిహేనుకు 120, పదహారుకు 107. నువ్వు అడిగిన పదిహేడుకు సరిపోయే 205/45 టైరుకైతే 92. నీకు ఇప్పుడున్న దాని కంటే నాలుగు సెంటీమీటర్లు తక్కువ. గుంతలో పడ్డప్పుడు రిమ్మును కాపాడేది ఆ నాలుగు సెంటీమీటర్ల గాలే. బెంగళూరు హైవే మీద దాని విలువ తెలియదు. ఎర్రగుంట్ల దాటి సిమెంటు లారీలు, నాపరాయి లారీలు తిరిగే రోడ్డెక్కితే తెలుస్తుంది. తారు లేచిపోయిన చోట గుంత అంచు కత్తిలా ఉంటుంది. రాళ్ల చెక్కలు పడుంటాయి. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్లకు రంగు ఉండదు, రాత్రి పూట ఎక్కాకే కనిపిస్తాయి.

మన షాపుకు వచ్చే కేసుల్లో ఒకటి ఎప్పుడూ ఉండేది. వారం వారం ఒకే చక్రంలో గాలి దిగిపోతోందని వస్తారు. పంక్చర్ షాపులో నీళ్లలో ముంచి చూశామంటారు, ఏమీ లేదంటారు. చక్రం విప్పి బోర్లా తిప్పితే తెలుస్తుంది. బండి కింది వైపు ఉండే లోపలి అంచు బొటనవేలంత మేర చదునైపోయి ఉంటుంది. దాని మీద సబ్బు నీళ్లు పోస్తే వెంట్రుకంత పగులు వెంబడి చిన్న చిన్న బుడగలు వరసగా లేస్తాయి. బయటి వైపు మాత్రం గీత కూడా ఉండదు, మెరుస్తూనే ఉంటుంది. ఇలాంటి రిమ్మును కొందరు గ్యాస్‌తో వేడి చేసి, సుత్తితో సాపు చేసి, పగులుకు వెల్డింగ్ పెట్టి రంగు కొడతారు. అదే మళ్లీ సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికొస్తుంది. కాబట్టి పాత రిమ్ములు కొనేటట్టయితే టైరు తీయించి, లోపలి అంచు చుట్టూ వేలు పెట్టి తడిమి, బ్యాలెన్సింగ్ మెషీన్ మీద తిప్పించి చూడకుండా డబ్బివ్వకు. తిరిగేటప్పుడు అంచు పైకీ కిందికీ ఊగితే దణ్ణం పెట్టి వచ్చెయ్.

అలాగని పెద్ద రిమ్ములన్నీ దండగ అనను. గువ్వలచెరువు ఘాట్‌లో మలుపు తిప్పినప్పుడు నీ సన్న టైరు పక్కకు వాలడం నువ్వే గమనించుంటావు. స్టీరింగ్ తిప్పాక బండి ఒక్క క్షణం ఆలోచించి తిరుగుతుంది. 185 వెడల్పు, కాస్త పొట్టి సైడ్‌వాల్ ఉంటే ఆ ఊగు తగ్గుతుంది, బ్రేకు పట్టు కూడా మెరుగుపడుతుంది. ఈ లాభం చాలావరకు పద్నాలుగు నుంచి పదిహేనుకు పోవడంలోనే వచ్చేస్తుంది. ఆపైన వచ్చేది ఎక్కువగా ఫొటోలకు.

ఇంకో సంగతి. పెద్ద రిమ్ము పెట్టగానే సందుల్లోంచి లోపలి బ్రేకులు బయటపడతాయి. పదిహేడు అంగుళాల చక్రంలో ముందు ఆ బుల్లి డిస్కు, వెనక డ్రమ్ము. నాకైతే నవ్వొస్తుంది.

కొనేముందు చూడాల్సింది రిమ్ము వెనకవైపు. స్పోకుల వెనకాల, హబ్ (బండికి చక్రాన్ని బిగించే మధ్య భాగం) దగ్గర అంకెలు పోతపోసి ఉంటాయి. వెడల్పు, పీసీడీ, ఈటీ. పీసీడీ నీ బండికి 4×100, అంటే నాలుగు బోల్టులు, 100 మిల్లీమీటర్ల వృత్తంలో. ఇది తప్పయితే మామూలుగా ఎక్కదు, దీనికి పెద్దగా టెన్షన్ లేదు. మోసం చేసేది ఈటీ. రిమ్ము వెడల్పుకు సరిగ్గా మధ్య గీతకూ, హబ్‌కు ఆనే ముఖానికీ మధ్య దూరం అది. ఆ అంకె తగ్గే కొద్దీ చక్రం బయటికొస్తుంది. ఉదాహరణకు 5.5 అంగుళాల వెడల్పు, ఈటీ 45 ఉన్న రిమ్ము తీసేసి, 7 అంగుళాల వెడల్పు, ఈటీ 35 రిమ్ము పెట్టావనుకో. వెడల్పు వల్ల 19, ఈటీ వల్ల 10, మొత్తం 29 మిల్లీమీటర్లు బయటికొస్తుంది. బురద తలుపుల మీదికి చిమ్ముతుంది, గుంతల్లో స్టీరింగ్ చేతిని లాగుతుంది, వీల్ బేరింగు మీద భారం పెరుగుతుంది. నలుగురు ఎక్కి స్పీడ్ బ్రేకర్ దాటితే టైరు ఫెండర్ అంచుకు కోసుకుంటుంది. షాపువాడు "ఏం కాదన్నా, అంచు మడిచేద్దాం" అంటాడు. మడిచిన చోట పెయింట్ పోయి తుప్పు పడుతుంది. పదిహేనులో 5.5 లేదా 6 అంగుళాల వెడల్పు, పదహారులో 6 లేదా 6.5 చాలు. ఈటీ మాత్రం నీ పాత రిమ్ము మీదున్న అంకెకు దగ్గరగా ఉండాలి.

మధ్య రంధ్రం కూడా చూడు. స్విఫ్ట్ హబ్ 54.1 మిల్లీమీటర్లు. బయట దొరికే రిమ్ములు పది రకాల బండ్లకు సరిపోవాలని రంధ్రం పెద్దగా, చాలావాటికి 73.1 పెడతారు. ఆ ఖాళీ పూడ్చడానికి రింగు వేయాలి. చాలామంది రింగు అడగరు, షాపువాడు వెయ్యడు. తర్వాత ఎనభై, తొంభై స్పీడులో స్టీరింగ్ వణుకుతోందని బ్యాలెన్సింగ్‌కు తిరుగుతూ ఉంటారు. సరైన రింగు వేయించుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది. నట్లు కూడా అంతే. మారుతివి ఎం12×1.25 మర (12 మిల్లీమీటర్ల లావు, మరకూ మరకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు), హ్యుందాయ్‌వి ఎం12×1.5. వేరే నట్టును బలవంతంగా ఎక్కిస్తే స్టడ్డు (నట్టు ఎక్కే బోల్టు) మర తెగుతుంది. నట్టు కూర్చునే చోటు కోన్ ఆకారమా, గుండ్రమా అన్నది రిమ్ముతో కలవాలి.

బరువు గురించి ఎవరూ మాట్లాడరు గానీ నాకు అదే ముఖ్యం. డిక్కీలో పది కిలోల మూట పెడితే బండికి పెద్దగా తెలియదు. చక్రాల్లో పెరిగిన బరువు అలా కాదు, కాళ్లకు ఇసుక మూటలు కట్టుకుని పరుగెత్తినట్టే. పికప్, మైలేజీ, బ్రేకు, కుదుపు అన్నిటిలోనూ తేడా కనిపిస్తుంది. నీ ఫొటోలో ఉన్న ఆరు స్పోకుల డిజైన్ అసలు జపాన్‌లోని రేస్ (Rays) అనే రిమ్ముల కంపెనీ 1996లో తెచ్చిన టీఈ37 రిమ్ముది. ఫోర్జ్ చేసిన, అంటే పోతపోయకుండా భారీ ఒత్తిడితో నొక్కి చేసిన రిమ్ము అది. పదిహేను అంగుళాలది 3.7 కిలోలే ఉండేదని పేరులోనే 37 పెట్టుకున్నారు. నీకు అమ్మజూపుతున్నది దాని రూపం మాత్రమే, పోతపోసిన కాపీ. పదిహేడు అంగుళాల చవక పోత రిమ్ము తొమ్మిది, పది కిలోలు తూగుతుంది. లగేజీ తూచే కొక్కెం త్రాసు ఒకటి జేబులో వేసుకుపో. షాపులో రిమ్మును దానికి తగిలించి చూడు. నీ స్టీల్ రిమ్ము కంటే బరువుంటే అది అల్లాయ్ అయ్యి లాభమేంటి? ఐఎస్ఐ ముద్ర గానీ, జేడబ్ల్యూఎల్ (అల్లాయ్ రిమ్ములకు జపాన్ ప్రమాణం) ముద్ర గానీ లేని రిమ్ము ఉచితంగా ఇచ్చినా వద్దు.

నా ఓటు ఇంకోదానికి. జెడ్‌ఎక్స్ఐ కొన్న కుర్రాళ్లు నీలాగే పెద్ద రిమ్ముల మోజులో పడి, కంపెనీ పదిహేను అంగుళాల అల్లాయ్స్‌ను కొత్తగా ఉండగానే అమ్మేస్తుంటారు. వాటిని వెతుకు. నీ మోడల్‌వే తీసుకుంటే హబ్ కొలత, ఈటీ అన్నీ అచ్చు నీ బండివే, రింగుల గొడవ లేదు. వాటి నట్లు కూడా అడిగి తీసుకో. పోలీసులు ఆపినా, ఇన్సూరెన్స్ సర్వేయరు అడిగినా "ఈ మోడల్‌కు కంపెనీ ఇచ్చే సైజే" అని చెప్పుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఏం వేయించినా బిల్లు తీసుకుని ఇన్సూరెన్స్ కంపెనీకి తెలియజెయ్.

మిగిలిన డబ్బు టైర్ల మీద పెట్టు. సైజు పక్కన ఇంకో అంకె ఉంటుంది, అది మోసే బరువు. నీ పాత టైరు 85, అంటే ఒక్కోటి 515 కిలోలు. 185/65 ఆర్15కి 88, అంటే 560. 195/55 ఆర్16కి 87, అంటే 545. పదిహేడులో మామూలు 205/45కి 84, అంటే 500. చూశావా, చక్రం పెద్దదైంది, మోత తగ్గింది! ఎక్స్‌ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువు మోసేది) అని రాసున్నది తీసుకుంటే అది కూడా 88కి వస్తుంది, కానీ అది తెలిసి అడిగేవాళ్లు తక్కువ. తయారీ తేదీ కూడా చూడు. సైడ్‌వాల్ మీద గుండ్రటి గడిలో నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటింది వద్దు. మన ఎండలకు గోడౌన్‌లో పడున్న రబ్బరు అంత త్వరగా గట్టిపడుతుంది.

బిగించే రోజు దగ్గరే నిలబడు. నట్లు ముందు చేత్తో తిప్పించు, తర్వాత అడ్డంగా ఎదురెదురు నట్లు బిగించమను, చివర్లో టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచి బిగించే పానా). ఎయిర్ గన్‌తో టకటకా బిగించేసే షాపైతే వేరే షాపు చూసుకో. యాభై, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఓసారి బిగించి చూడాలి. గాలి తెల్లవారుజామున, బండి కదలకముందు చూసుకో. డోరు దగ్గర స్టిక్కర్ మీదున్న దానికి తగ్గనీయకు.

పాత స్టీల్ రిమ్ములు, టైర్లతో సహా, మీ అమ్మ ఇంటి మిద్దె మీద పెట్టు. అమ్మితే వచ్చేది ఎంతో లేదు. స్టెప్నీ పద్నాలుగుదే ఉంటుంది, ఎత్తు ఒకటే కాబట్టి ఇంటికి చేరేదాకా పనికొస్తుంది. అయితే దానికి పాత నట్లే కావాలి. అల్లాయ్ నట్లు స్టీల్ రిమ్ముకు కూర్చోకపోవచ్చు. నాలుగు పాత నట్లు ఓ సంచిలో వేసి జాకీ పక్కనే ఉంచుకో.

ఇట్లు,
మీ మామ
కడప