పాస్‌వర్డ్ జోలికి అప్పుడే వెళ్లకు

చిన్నా,

నువ్వు సొంతంగా నడుపుకునే మెయిల్ సర్వర్‌లో లాగిన్ కావట్లేదని రాత్రంతా కూర్చుని మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చానని రాశావు. ఇక మార్చకు. పాత పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకున్న ఫోన్లూ ల్యాప్‌టాప్‌లూ వెనకాల సర్వర్ తలుపు బాదుతూనే ఉంటాయి. ఉన్న చిక్కుకి ఇంకో చిక్కు తోడవుతుంది.

ఆగింది చదవడమా, పంపడమా? ముందు అది తేల్చు. చదవడానికి నీ ఫోను 993 పోర్టులో (పోర్టు అంటే సర్వర్‌కి ఉండే నంబరు తలుపు) డవ్‌కాట్ దగ్గరికి వెళ్తుంది, అది వచ్చిన మెయిల్ చూపించే ప్రోగ్రామ్. పంపడానికి 587 లోనో 465 లోనో పోస్ట్‌ఫిక్స్ దగ్గరికి వెళ్తుంది, అది మెయిల్ బయటికి పంపే ప్రోగ్రామ్. నీ సెటప్‌లో పోస్ట్‌ఫిక్స్‌కి పాస్‌వర్డ్‌లు తెలియవు. ఒక సాకెట్ ఫైలు (ఒకే మెషీన్‌లో రెండు ప్రోగ్రామ్‌లు మాట్లాడుకునే దారి) ద్వారా డవ్‌కాట్‌నే అడిగి కనుక్కుంటుంది. కాబట్టి చదవడం నడుస్తూ పంపడమే ఆగిందంటే ఆ సాకెట్ ఉందా, దాంట్లో చదివే, రాసే పర్మిషన్ పోస్ట్‌ఫిక్స్‌కి ఉందా చూడు. పోస్ట్‌ఫిక్స్‌లో సాస్ల్ టైపు అని ఒక సెట్టింగ్ ఉంటుంది, లాగిన్ ఎవరిని అడిగి సరిచూడాలో చెప్పేది. దాన్ని నువ్వు డవ్‌కాట్ అని రాయకపోతే పోస్ట్‌ఫిక్స్ అది సైరస్ అనే ఇంకో ప్రోగ్రామ్ అనుకుంటుంది. పంపేటప్పుడు 535 అనే ఎర్రర్ నంబరు వస్తే మాత్రం సర్వర్ విని కాదంది అని అర్థం. చాలా మెయిల్ యాప్‌లు వచ్చే మెయిల్‌కో పాస్‌వర్డ్, పోయే మెయిల్‌కో పాస్‌వర్డ్ విడివిడిగా దాచుకుంటాయి. నువ్వు ఒకచోట మార్చి రెండోది వదిలేసి ఉంటావని నా అనుమానం.

ఇప్పుడు ఒక విండోలో మెయిల్ లాగ్ (సర్వర్ జరిగిందల్లా రాసుకునే ఫైలు) తెరిచి పెట్టుకో, రెండో చేత్తో ఫోన్‌లో లాగిన్ నొక్కు. ఒక్క లైనూ కదల్లేదనుకో, నీ ఫోను అక్కడిదాకా రానేలేదు. అప్పుడు దారికి అడ్డుపడే ఫైర్‌వాల్ చూడు, సర్వర్ పేరుని ఐపీ అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ చూడు. 'ఆత్ ఫెయిల్డ్' ('ఆత్' అంటే లాగిన్ సరిచూడటం) అని వస్తే పేరో పాస్‌వర్డో కుదరలేదు. 'నో ఆత్ అటెంప్ట్స్' అని వస్తే ఫోను పాస్‌వర్డ్ చెప్పకుండానే వెళ్లిపోయింది. అలాంటప్పుడు నేను ముందు సర్టిఫికెట్‌నే, అంటే సర్వర్ తానెవరో ఫోనుకి చూపించే గుర్తింపు కార్డునే అనుమానిస్తాను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా, మామూలుగా ఇచ్చే 90 రోజుల సర్టిఫికెట్ దానంతటదే రెన్యూ అయింది, డిస్క్ మీద కొత్తదే ఉంది, డవ్‌కాట్ మాత్రం మెమరీలో పాతదే పట్టుకుని కూర్చుంది. ఒక ఆదివారమంతా నేను దీనికే పోగొట్టుకున్నాను. కావాల్సింది ఒక్క రీలోడ్.

'ఆత్ ఫెయిల్డ్' అయితే సర్వర్ మీదే డవ్‌ఆడ్మ్ ఆత్ టెస్ట్ అనే డవ్‌కాట్ కమాండ్ నడుపు. నెట్‌వర్కూ ఫోనూ మధ్యలో లేకుండా సర్వర్ జవాబు నేరుగా తెలుస్తుంది. ఒకసారి ఉత్త పేరుతో, ఒకసారి డొమైన్‌తో సహా పూర్తి అడ్రస్‌తో. ఒకటి పాసై ఇంకోటి ఫెయిలైతే దొంగ దొరికినట్టే. పాస్‌వర్డ్‌లో డాలర్ గుర్తు ఉంటే కమాండ్ లైన్‌లో రాయకు, కమాండ్‌లు చదివే షెల్ దాన్ని మింగేస్తుంది. పాస్‌వర్డ్ ఆ కమాండే అడిగేదాకా ఆగు.

తప్పు లాగిన్‌లు ఎక్కువైతే ఆ ఐపీని అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ సంగతి మరిచిపోకు. మామూలు సెట్టింగ్‌లో 10 నిమిషాల్లో 5 తప్పులు జరిగితే 10 నిమిషాలు బయట నిలబెడుతుంది. మా ఇంట్లో ఒకసారి సొరుగులో పడేసిన పాత ట్యాబ్లెట్ ఒకటి పాత పాస్‌వర్డ్‌తో ప్రయత్నిస్తూ ఉండిపోయింది. ఇంటి మొత్తానికి బయటికి కనబడే ఐపీ ఒకటే కదా, అందరం బ్యాన్ అయ్యాం. ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటాతో లాగిన్ అయినప్పుడు గానీ నాకు వెలగలేదు. నువ్వూ ముందు అదే చేసి చూడు, అర నిమిషం పని.

ఇంకా తేలకపోతే లాగిన్ వివరాలన్నీ లాగ్‌లో రాయించే ఆత్ డీబగ్ ఆన్ చెయ్. పాస్‌వర్డ్‌లు కూడా లాగ్‌లో రాసే ఆప్షన్ ఇంకోటి ఉంది. తప్పనిసరైతేనే పెట్టు, పని కాగానే తీసేసి ఆ లాగ్ చెరిపెయ్.

ఏదైనా ఒక్కటే మార్చి, మళ్లీ ప్రయత్నించి, ఆ తర్వాతే రెండోది ముట్టుకో. సాయంత్రానికి కూడా కాకపోతే లాగ్‌లో చివరి పది లైన్లు పంపు. బేస్64 లో (అక్షరాలు మార్చి రాసే ఒక పద్ధతి) గజిబిజిగా ఉండే ముక్కలు కనిపిస్తే కొట్టేసి పంపు, వాటిలో పాస్‌వర్డ్ ఉండొచ్చు. అది తాళం కాదు, ఎవరైనా ఒక్క కమాండ్‌తో విప్పేస్తారు.

మీ బాబాయ్