పర్లాకిమిడి వైపు రిలీఫ్ సంస్థలో ఫైనాన్స్-అడ్మిన్ ఉద్యోగం, టాలీ వస్తే సరిపోతుందా?

మీరు పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో మూడేళ్ళు లెక్కలు రాసానని, ఇప్పుడు ఒడిశా గజపతి జిల్లాలో ఓ సహాయ సంస్థ ఫీల్డ్ ఆఫీసులో ఫైనాన్స్ అడ్మిన్ పోస్టు వచ్చిందని, టాలీ వచ్చు జీఎస్టీ వచ్చు ఇంకేం నేర్చుకోవాలని అడిగారు కదండి. మాది పర్లాకిమిడే, ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా. ఇదే పనిలో 2018 నుంచి ఉన్నాను. అందుకే కాస్త పొడుగ్గానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

టాలీ రెండో రోజుకే పాతదైపోతాది. ఈ ఉద్యోగంలో అసలు పని కాగితం ఎవరి చేతిలో పుట్టిందో చూసుకోవడం. ఫ్యాక్టరీలో అయితే బిల్లు మీ టేబుల్ దగ్గరికి వస్తాది, మీరు ఎక్కిస్తారు. ఇక్కడ మీరే బిల్లు దగ్గరికి వెళ్ళాలి, కొండెక్కి మరీ. అది చెయ్యకుండా ఆఫీసులో కూర్చుని వోచర్లు మాత్రం నీట్‌గా ఫైల్ చేసుకున్నవాళ్ళు నాకు తెలుసు, ఆడిట్ వచ్చినరోజు వాళ్ళ మొహాలు కూడా చూసాను.

నేను చేరింది తిత్లీ తుపాను తర్వాత. 2018 అక్టోబరు 11 తెల్లారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మీ ఊరే కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. మా జిల్లాలో గాలి కంటే వానే ఎక్కువ చేటు చేసింది, రాయగడ బ్లాకులో బరఘర దగ్గర కొండచరియ విరిగిపడి జనం పోయారు. (ఈ రాయగడ మన గజపతి జిల్లాలో బ్లాకు, ఆ రాయగడ జిల్లా వేరు, బిల్లుల్లో ఈ రెండూ కలిపేస్తారు జాగ్రత్త.) కరెంటు లేదు, ఫోన్లు లేవు, ఏటీఎంలో డబ్బుల్లేవు, ఆన్‌లైన్‌లో పంపుదామంటే నెట్ లేదు, అలాంటప్పుడు హెడ్డాఫీసు నుంచి వచ్చిన పాలసీ పుస్తకంలో ఏమో మూడు కొటేషన్లు తీసుకోండి, చెక్కు ఇవ్వండి అని ఉంటాది, బయట జనం తడిసిన గోడల మధ్య కూర్చునుంటారు.

అప్పుడు నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. 200 దుప్పట్లు, ఒక్కోటి 312 రూపాయలు, మొత్తం 62,400. మా ఫీల్డ్ మనిషి మూడు కొటేషన్లు తెచ్చిచ్చాడు, మూడు వేరువేరు షాపులవి, లెటర్‌హెడ్లు కూడా వేరే. సాయంత్రం లాంతరు వెలుగులో చూసి సంతకం పెట్టేసాను. ఆర్నెల్ల తర్వాత ఆడిటరు గారు వచ్చి ఆ మూడు కాగితాల్నీ టేబుల్ మీద పక్కపక్కనే పెట్టి ఏమీ మాట్లాడకుండా నా వైపు తోసారు. మూడూ ఒకే చేతిరాత. ఒకే నీలం పెన్ను. 'దుప్పట్లు' అన్న మాటలో ఒత్తు తప్పు కూడా మూడింట్లో అదే. దుప్పట్లు నిజంగానే వచ్చాయి, నిజంగానే పంచాం, ధర కూడా మరీ ఎక్కువేం కాదు, కానీ ఆ ఖర్చు ఒప్పుకోలేదు, సంస్థ సొంత డబ్బులోంచి దాతకి తిరిగి కట్టాల్సొచ్చింది. ఆ డబ్బుతో తర్వాతి ఏడు ఇంకో 200 ఇళ్ళకి దుప్పట్లు ఇచ్చుండేవాళ్ళం. ఆ లెక్క నాకు ఇప్పటికీ మనసులోంచి పోలేదు.

అత్యవసరంలో మూడు కొటేషన్లు దొరకవు, అది నిజం. దొరకనప్పుడు దొరకలేదని రాయాలి. 'ఫలానా తేదీన బజార్లో రెండే షాపులు తెరిచి ఉన్నాయి, ఒకదాంట్లో సరుకు లేదు, అందుకని రెండోదాంట్లో కొన్నాం' అని ఒక పేజీ నోటు రాసి, ఆఫీసు ఇన్‌ఛార్జి చేత అదేరోజు సంతకం పెట్టించి, షాపుల ముందు ఫోన్‌తో ఓ ఫోటో తీసి పెట్టుకోండి. ఏ ఆడిటరూ దాన్ని కొట్టెయ్యడం నేను చూళ్ళేదు. నిజం రాసిన ఒక్క కాగితం ముందు దొంగ కొటేషన్లు మూడున్నా చాలవు. ఇంకోటి, తెచ్చే మనిషీ, కొనే మనిషీ, డబ్బులిచ్చే మనిషీ ఒక్కళ్ళే కాకూడదు. ఆఫీసులో నలుగురే ఉన్నా సరే ఇది వదలకండి.

ఇప్పుడు భాష సంగతి. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసింది గానీ ఇప్పటికీ బజార్లో బేరం తెలుగులోనే అవుతాది. బ్లాకు ఆఫీసులో కాగితం ఒడియా. కొండ మీదకెళ్తే గుమ్మా వైపు, నువాగడ వైపు సవర మాట, అక్కడి గిరిజనుల భాష. హెడ్డాఫీసుకి ఇంగ్లీషు కావాలి. అంటే ఒక్క వోచరు నాలుగు భాషలు దాటి రావాలి. ఒడియా అంకెలు రాసిన చేతి బిల్లు చూసి మొదట్లో నేనే ఒక అంకె బదులు ఇంకోటి ఎక్కించేసాను, బళ్ళో చదువుకున్న నేనే. మీరు చేరకముందే ఒడియా అంకెలు, అక్షరాలు నేర్చేసుకోండి, నెల పట్టదు. ప్రతి ఒడియా బిల్లు వెనకాల పెన్సిల్‌తో అదేంటో, ఎంతో ఇంగ్లీషులో రాసి మీ పొట్టి సంతకం పెట్టండి, రెండేళ్ళ తర్వాత చూసినవాడు మిమ్మల్ని దీవిస్తాడు.

ఇంకా ముఖ్యమైంది, పంపిణీ జాబితా మీద వేలిముద్రలు. దీని గురించి ఎవరూ చెప్పరు.

గుమ్మా బ్లాకులో ఒక ఊళ్ళో టార్పాలిన్లు పంచుతున్నాం. వరసలో ఒక ముసలమ్మ వచ్చింది, జాబితాలో పేరుంది, టార్పాలిన్ తీసి ఇచ్చాం, వేలిముద్ర వెయ్యమంటే చెయ్యి వెనక్కి లాక్కుంది. టార్పాలిన్ మడత చంకలో పెట్టుకుని అలాగే నిలబడింది, వెయ్యదు, వెళ్ళదు. వెనకాల జనం తోసుకుంటున్నారు, చినుకులు పడుతున్నాయి, మా కుర్రాడు విసుక్కుని 'వేసెయ్యి అమ్మా' అంటున్నాడు. అంగన్‌వాడీలో పనిచేసే సవర అమ్మాయి ఒకావిడ వచ్చి అడిగితే అప్పుడు చెప్పింది, ఎప్పుడో ఒక షావుకారు ఇలాగే కాగితం మీద వేలేయించుకుని చింతచెట్టు, దాని కింద పొలం ముక్క తీసేసుకున్నాడట. మళ్ళీ వేస్తే ఈ రేకుల ఇల్లు కూడా పోతాదని భయం. ఆవిడ భయం తప్పా? మేం ఇచ్చిన కాగితం పైన ఉన్నదంతా ఇంగ్లీషు. ఆవిడకే కాదు, అక్కడ ఉన్న వార్డు మెంబరుకీ తెలీదు అందులో ఏముందో.

ఆరోజు పంపిణీ ఆపేసాను. ఆ అమ్మాయి చేత కాగితం మొత్తం సవరలో గట్టిగా చదివించాం, 'ఒక టార్పాలిన్ ముట్టింది, డబ్బులేమీ తీసుకోలేదు, తిరిగి ఇవ్వక్కర్లేదు' అని. ముసలమ్మ రెండోసారి కూడా చదవమంది, చదివాం, అప్పుడు వేలు చాపింది. చేతులు పనిచేసి పనిచేసి పగిలిపోయున్నాయి, ముద్రలో గీతలే రాలేదు, నల్లగా ఓ మచ్చ పడింది అంతే. తడిగుడ్డతో తుడిచి, ఆరబెట్టి, ఇంకు తక్కువ పెట్టి మళ్ళీ వేయిస్తే సగం గీతలు వచ్చాయి. పక్కన ఆవిడ పేరు రాసి, 'నా ఎదుట వేసిన వేలిముద్ర' అని ఆ అంగన్‌వాడీ అమ్మాయి సంతకం పెట్టింది. అప్పట్నుంచి మా జాబితా కాగితం పైన ఒడియాలో పెద్దక్షరాలతో మూడు లైన్లు ఉంటాయి, ఏమిస్తున్నాం, ఎన్ని ఇస్తున్నాం, తిరిగి కట్టక్కర్లేదు, ఇంతే. మొదలెట్టే ముందు ఊరి భాషలో చదివి వినిపించడం నా పని, ప్రోగ్రాం వాళ్ళ పని కాదు, ఎందుకంటే ఆ సంతకాన్ని నమ్మి లెక్క రాసేది నేను. అర్థం కాని కాగితం మీద వేయించుకున్న వేలిముద్రని నేను రసీదు అనుకోను.

జాబితాలో ఖాళీ గళ్ళు వదలొద్దు, చివరి పేరు తర్వాత అడ్డంగా గీత కొట్టి ఎంతమందో అక్షరాల్లో రాయండి. మిగిలిన సరుకు అదేరోజు స్టాక్ రిజిస్టర్లో వెనక్కి ఎక్కించండి, 'రేపు చూద్దాం' అన్నారంటే ఆ రేపు ఏడాది లెక్కలు ముగించే మార్చిలోనే వస్తాది.

డబ్బులు బ్యాంకుకి వేసే కార్యక్రమమైతే ఇంకో తలనొప్పి. ఎన్ఈఎఫ్‌టీలో డబ్బు వెళ్ళేది ఖాతా నంబరు బట్టే, పేరు బట్టి కాదు, ఒక్క అంకె తప్పు కొడితే ఎవరికో పడిపోతాది. అందుకే నంబరు ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు పాస్‌బుక్కు చూసి టిక్కు పెట్టాలి. పాస్‌బుక్కులో ఐఎఫ్ఎస్‌సీ (బ్రాంచి కోడు) కూడా నమ్మకండి, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఉత్కళ్ గ్రామీణ బ్యాంకు 2025 మే 1 నుంచి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయింది, జనం దగ్గర మాత్రం పాత పుస్తకాలే ఉన్నాయి. ముందు ఒక్కో ఖాతాకి రూపాయి వేసి చూసుకోండి, పడ్డాకే మిగతాది. జాబితాలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉన్నవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, పెళ్ళి తర్వాత పేరు మారినవాళ్ళు, రాసినవాడు తప్పు రాసినవాళ్ళు. వాళ్ళని తీసెయ్యకండి, సర్పంచ్ చేతో వార్డు మెంబరు చేతో ఆ రెండు పేర్లూ ఒకే మనిషివని రాయించుకుని జతచెయ్యండి.

రూల్స్ కొన్ని గబగబా చెప్పేస్తాను. ఒకరోజులో ఒకే మనిషికి 10,000 దాటి క్యాష్ ఇస్తే ట్రస్టు లెక్కలో అది ఖర్చు కింద ఒప్పుకోరు, లారీవాళ్ళకి మాత్రం 35,000 దాకా. కాంట్రాక్టు పనికి ఒక బిల్లు 30,000 దాటినా, ఏడాది మొత్తం లక్ష దాటినా టీడీఎస్ (బిల్లులోంచి ముందే పట్టుకునే ఆదాయపన్ను) కొయ్యాలి, విడి మనిషైతే ఒక శాతం, కంపెనీ అయితే రెండు, పాన్ లేకపోతే ఏకంగా ఇరవై. పది బళ్ళు మించని లారీ ఓనరు పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కొయ్యక్కర్లేదు, ఆ డిక్లరేషన్ లోడు ఎత్తేముందే తీసుకోండి, తర్వాత ఆ లారీ మీకు మళ్ళీ కనపడదు. కోసింది తర్వాతి నెల 7 లోపు కట్టాలి. ఏరు దాటి ఆంధ్రాలోని పాతపట్నంలో కొంటే ఐజీఎస్టీ (వేరే రాష్ట్రం నుంచి వచ్చే సరుకు మీద జీఎస్టీ) పడతాది, 50,000 దాటిన సరుక్కి ఈ-వే బిల్లు (బండితో ఉండాల్సిన సరుకు రవాణా చీటీ) కావాలి, అది లేకుండా రాత్రిపూట బండి పంపి చెక్‌పోస్టు దగ్గర ఆపించుకోవద్దు. మన సంస్థలకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ వెనక్కి, రాదు కాబట్టి కొటేషన్లు పోల్చేటప్పుడు పన్ను కలిపిన రేటే చూడండి, ఫ్యాక్టరీ అలవాటుతో పన్ను లేని రేటు చూస్తారేమోనని చెప్తున్నాను.

విదేశీ ఫండ్ (ఎఫ్‌సీ అంటారు) ఉందా మీ దగ్గర? ఉంటే విదేశీ విరాళాల చట్టానికి 2020లో వచ్చిన సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలో స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచి ఖాతాలోనే దిగాలి, అక్కడ్నుంచే మీ లోకల్ ఖాతాకి వస్తాది, కాబట్టి రేపు కావాల్సిన డబ్బు ఇవాళ అడిగితే రాదు, వారం ముందే ఫండ్ రిక్వెస్టు పంపండి. ఇంకో సంస్థకి ఆ డబ్బు మళ్ళించకూడదు. ఆఫీసు ఖర్చు మొత్తంలో 20 శాతం దాటకూడదు, ఇదివరకు 50 ఉండేది. లెక్కలు రాసినందుకు మీ జీతం, ఆఫీసు అద్దె, బండి డీజిలు ఇవి ఆ ఇరవైలోకే వస్తాయి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ఖాతాలో లోకల్ రూపాయి పడకూడదు. 'సీఎస్ఆర్ (కంపెనీలు సేవకిచ్చే) డబ్బు రాలేదు, ఈ నెల జీతాలకి ఎఫ్‌సీలోంచి వాడి తర్వాత వేసేద్దాం' అని ఎవరో ఒకరు కచ్చితంగా అంటారు, మంచి మనసుతోనే అంటారు, మీకంటే పెద్దవాళ్ళే అంటారు. కుదరదండి అని ఆరోజే చెప్పాలి, చెప్పి మెయిల్‌లో కూడా రాయాలి.

అడ్వాన్సుల దగ్గర కూడా అంతే. పాతది సెటిల్ కాకుండా కొత్తది ఇవ్వకండి. మొదటి నెల మిమ్మల్ని తిట్టుకుంటారు, మూడో నెలకి వాళ్ళే బిల్లులు తెచ్చి టేబుల్ మీద పెడతారు. క్యాష్ కొండకి పట్టుకెళ్తే ఇద్దరు వెళ్ళండి, వెళ్ళే టైమూ దారీ ముందే ఎవరికీ చెప్పకండి, 500 నోట్లు కాకుండా వందలూ యాభైలూ తీసుకెళ్ళండి, అక్కడ చిల్లర పుట్టదు, చిల్లర లేక ఇద్దరికి కలిపి ఒక నోటు ఇస్తే మరుసటిరోజు వాళ్ళిద్దరికీ తగువు. సాయంత్రం ఎంత రాత్రయినా పెట్టె తీసి నోట్లు లెక్కపెట్టి, ఏ నోటు ఎన్నో రాసి, ఇంకొకళ్ళ చేత సంతకం పెట్టించే పడుకోండి.

వానాకాలం కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, జెల్ పెన్ను వాడొద్దు, తడిస్తే మొత్తం పోతాది, బాల్ పెన్నే. తిత్లీ అప్పుడు తడిసిన మస్టర్ రోళ్ళు (హాజరు, కూలీ జాబితాలు) ఆఫీసు నేల మీద పరిచి రాత్రంతా విసనకర్రతో ఆరబెట్టాం, బాల్ పెన్నుతో రాసినవే మిగిలాయి.

మీది ఏ ఫండో, ఏ బ్లాకులో పనో కింద రాయండి, దాన్నిబట్టి ఇంకా చెప్తాను. చేరే ముందు ఒకసారి కాశీనగర్ వైపో గుమ్మా వైపో ఓ సంత రోజు చూసుకుని వెళ్ళి రండి, అక్కడ దుప్పటి ఎంతో, బియ్యం బస్తా ఎంతో, ఆటో కొండదాకా ఎంత తీసుకుంటాడో అడిగి పుస్తకంలో తేదీతో రాసుకోండి.