నేపాల్‌కు పారిపోయినవాణ్ణి మనమే పట్టుకొస్తే మనకు శిక్షా?

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు రాశారు: "సార్, బంగారం వ్యాపారంలో నా భాగస్తుడి మీద చీటింగ్ కేసు పడితే నేనే రెండు లక్షలకు షూరిటీ నిలబడ్డాను. ఆరు నెలలుగా వాయిదాలకు రావడం లేదు, ఎన్‌బీడబ్ల్యూ (నాన్‌బెయిలబుల్ వారంటు) కూడా ఇచ్చారు. ఖాట్మండులో ఉన్నాడని తెలిసింది. నాకు సొంతంగా పద్దెనిమిది లక్షలు బాకీ, నోటు రాసిచ్చాడు, ఇల్లు మాత్రం ఇక్కడే ఉంది. బెంగళూరులో ఒకాయన మూడు లక్షలిస్తే బార్డరు దాటించి తెచ్చి అప్పజెబుతానంటే యాభై వేలు అడ్వాన్సు ఇచ్చాను. అమెరికాలో ఇలా పట్టుకొచ్చేవాళ్లకు లైసెన్సులే ఉంటాయట కదా. దొంగను పట్టుకొచ్చినందుకు నేపాల్ వాళ్లు మమ్మల్ని అప్పగించమంటే మన ప్రభుత్వం ఇచ్చేస్తుందా? అది న్యాయమేనా?"

అన్నా, ముందు ఆ బెంగళూరు ఆయనకు ఫోన్ చేసి వద్దని చెప్పండి, ఆ తర్వాత కూర్చుని ఇది చదవండి. మీ ఉత్తరంలో షూరిటీ గురించి రెండు ముక్కలు, బాకీ గురించి పేజీన్నర ఉంది, ఇక్కడ కుదించి వేశాను. మీకు కావలసింది కోర్టు ముందుకు మనిషి రావడం కాదు, మీ డబ్బు మీ చేతికి రావడం అని నాకే అర్థమైనప్పుడు రేపు పోలీసులకూ అర్థమవుతుంది, వాళ్లు పెట్టే సెక్షను కూడా దాన్నిబట్టే మారుతుంది.

న్యాయమేనా అని అడిగారు కాబట్టి నా మాట ముందే చెబుతాను. అప్పగించాలి. డబ్బు తీసుకుని ఇంకో దేశంలోకి పోయి మనిషిని ఎత్తుకొచ్చినవాణ్ణి, ఎత్తుకొచ్చింది పచ్చి దొంగనే అయినా సరే, ఆ దేశం అడిగితే పంపాల్సిందే.

అమెరికా సంగతి మీరు విన్నది సగమే. అక్కడ బెయిల్ ఒక వ్యాపారం. ముద్దాయి దగ్గర ఫీజు తీసుకుని బాండు కంపెనీ కోర్టుకు పూచీ పడుతుంది, వాడు పారిపోతే నష్టం కంపెనీది కాబట్టి మనుషుల్ని పెట్టి వెతికిస్తుంది, వాళ్లనే బౌంటీ హంటర్లు అంటారు. 1872లో అక్కడి సుప్రీంకోర్టు టేలర్ వర్సెస్ టెయింటర్ కేసులో జామీనుదారుకు చాలా పెద్ద అధికారాలున్నాయని రాసింది, ముద్దాయిని ఇంకో రాష్ట్రం దాకా వెంటాడవచ్చు, ఆదివారమైనా పట్టుకోవచ్చు, అవసరమైతే ఇంటి తలుపు పగలగొట్టి లోపలికి పోవచ్చు అని. ఇంకో రాష్ట్రం దాకా అన్నారే గానీ ఇంకో దేశం దాకా అనలేదు. ఈ రోజు అక్కడ కూడా అన్ని రాష్ట్రాలూ దీన్ని ఒప్పుకోవు.

దేశం దాటితే ఏమవుతుందో 1981లో తేలింది. ఫ్లోరిడాలో భూముల అమ్మకాల కేసులో ఇరుక్కున్న సిడ్నీ జాఫే అనే వ్యాపారి బెయిల్ మీద ఉండి వాయిదాకు రాలేదు, కెనడాలోని టొరంటోలో ఉండిపోయాడు. కియర్, జాన్సెన్ అనే ఇద్దరు పోయి అతని అపార్ట్‌మెంటు దగ్గరే పట్టుకుని ఫ్లోరిడాకు చేర్చారు. మీరన్నట్టే వాళ్లూ అన్నారు, మేం జామీను తరఫున వచ్చాం, పారిపోయినవాణ్ణే పట్టుకున్నాం, ఇందులో తప్పేముందని. మా గడ్డ మీద ఇది కిడ్నాప్, ఆ ఇద్దరినీ అప్పగించండి అని కెనడా అడిగింది. 1983లో అమెరికా అప్పీలు కోర్టు, అంటే వాళ్ల సొంత దేశం కోర్టే, అప్పగించవచ్చని చెప్పింది. వాళ్లు కెనడా పోయి విచారణ ఎదుర్కొన్నారు, కిడ్నాప్ కింద దోషులని తేలింది కూడా. అంతటితో ఆగకుండా 1988లో రెండు దేశాలూ ఉత్తరాలు మార్చుకుని, బౌంటీ హంటర్లు సరిహద్దు దాటి మనుషుల్ని ఎత్తుకుపోవడం తమ ఒప్పందం కింద అప్పగించదగిన నేరమే అని రాసుకున్నాయి.

దీనికి ఎదురుగా అందరూ చెప్పే కేసు ఒకటుంది, అమెరికా గురించి మీరు విన్నది బహుశా దాని గురించే. ఆండ్రూ లస్టర్ అనేవాడు కాలిఫోర్నియాలో అత్యాచారాల కేసు నడుస్తుండగానే పారిపోయాడు, వాడు లేకుండానే కోర్టు 124 ఏళ్లు శిక్ష వేసింది. 2003లో డువేన్ చాప్‌మన్ అనే బౌంటీ హంటర్ మెక్సికోలోని ప్వెర్టో వయార్టాలో వాణ్ణి పట్టుకున్నాడు. మెక్సికో పోలీసులు లస్టర్‌తో పాటు చాప్‌మన్‌నూ అరెస్టు చేశారు, ఎందుకంటే అక్కడి చట్టంలో అలాంటి పని నేరం. అతను బెయిల్ తీసుకుని అమెరికా వచ్చేశాడు, చూడండి, పారిపోయినవాళ్లను పట్టుకునే మనిషే బెయిల్ మీద ఉండి దేశం దాటాడు. 2006 సెప్టెంబరులో మెక్సికో కోరిక మీద హవాయిలో అతన్ని అరెస్టు చేశారు. మరుసటి ఏడాది మెక్సికో కోర్టు గడువు తీరిందని కేసు కొట్టేసింది, దాంతో అప్పగింత కూడా పోయింది. గడువు తీరడం వల్ల బయటపడ్డాడు గానీ చేసింది ఒప్పని ఏ కోర్టూ చెప్పలేదు. లస్టర్ బెయిల్ సొమ్ములో నాకు వాటా ఇవ్వండని అడిగితే కాలిఫోర్నియా కోర్టు అదీ ఇవ్వలేదు.

లస్టర్ లాంటి దుర్మార్గుణ్ణి పట్టిచ్చినవాడికి దండ వేయాలి గానీ బేడీలు వేస్తారా అని మీకు అనిపిస్తుంది, నాకూ మొదట అనిపించింది. కానీ పట్టుకునేవాడికి లస్టర్ ఎవరు, అమాయకుడు ఎవరు అనే తేడా ఏముంటుంది చెప్పండి? అతనికి తెలిసింది ఒక ఫొటో, ఒక అడ్రసు, చేతికొచ్చే మొత్తం. ఈ రోజు మీరు మూడు లక్షలిచ్చి ఖాట్మండు నుంచి ఒకణ్ణి తెప్పిస్తే, రేపు మీ మీద కోపమున్నవాడు ఐదు లక్షలిచ్చి మిమ్మల్ని బార్డరు దాటిస్తాడు. మనుషుల్ని జీపెక్కించి దుప్పటి పంచాయితీలు చేసిన కాలం మన సీమలో ఎలా ఉండేదో మీకు నేను చెప్పనక్కరలేదు. అది ఒక దేశం నుంచి ఇంకో దేశానికి జరిగితే అడిగే దిక్కు కూడా ఉండదు, ఆ దేశం అప్పగించమని అడగడం ఒక్కటే దారి.

సరే, మన చట్టానికొస్తాను. మన దేశంలో బౌంటీ హంటర్ అనేవాడే లేడు. మామూలు మనిషి అరెస్టు చేయడం గురించి పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 40వ సెక్షన్‌లో ఉంది, తన కళ్లముందు నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం చేసినవాణ్ణి గానీ, కోర్టు ప్రకటిత నేరస్తుడని ప్రకటించినవాణ్ణి గానీ ఎవరైనా పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. అదీ మన దేశం లోపలే. మీవాడి మీద ఎన్‌బీడబ్ల్యూ ఉంది గానీ ప్రకటిత నేరస్తుడని ఇంకా ఆర్డరు రాలేదు, కాబట్టి ఆ అధికారం ప్రొద్దుటూరులో కూడా మీకు లేదు, ఖాట్మండులో ఎక్కణ్ణుంచి వస్తుంది?

దేశం దాకా ఎందుకు, రాష్ట్రం దాటితేనే ఏమవుతుందో నేను దగ్గరగా చూశాను. కొన్నేళ్ల కిందట మా దగ్గరికి ఒక రైతు వచ్చాడు, షూరిటీ ఇచ్చిన మనిషి బళ్లారిలో ఉన్నాడని తెలిసి ముగ్గురు కుర్రాళ్లను పంపించాడు. వాళ్లు బస్టాండు దగ్గర పట్టుకుని కారులో వేసుకుని తెల్లారేసరికి నేరుగా కడప కోర్టు ఆవరణకు తెచ్చారు, మేజిస్ట్రేటు మెచ్చుకుంటాడనుకున్నారు పాపం. దించినప్పుడు ఆ మనిషికి ఒక కాలికే చెప్పుంది, మణికట్టు చుట్టూ తాడు ఒరుసుకున్న గీత ఎర్రగా కనబడుతోంది. మేజిస్ట్రేటు ఆ గీత గురించి అడిగి రాసుకుని, అతన్ని పాత కేసులో రిమాండుకు పంపారు. అరెస్టు పద్ధతి తప్పయినంత మాత్రాన కేసు పోదు. 1910లో ఫ్రాన్సులోని మార్సేల్ రేవులో ఓడలోంచి దూకిన సావర్కర్‌ను తిరిగి తెచ్చినప్పుడు బొంబాయి హైకోర్టు చెప్పింది అదే, 1992లో మెక్సికో నుంచి ఎత్తుకొచ్చిన డాక్టర్ అల్వారెజ్ మచైన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిందీ దాదాపు అదే. పట్టుబడినవాడి మీద కేసు నడుస్తుంది, పట్టుకున్నవాడి మీద వేరే కేసు మొదలవుతుంది, ఒకటి ఇంకోదాన్ని చెరపదు. ఆ రైతు మీద బళ్లారిలో కేసయింది, ఏ4, అంటే నాలుగో ముద్దాయి. రెండేళ్లకు పైగా ప్రతి వాయిదాకూ చీకటితోనే లేచి బస్సెక్కేవాడు. చార్జిషీటు కన్నడంలో వచ్చింది, అక్షరాలు మనవాటిలాగే ఉంటాయి కదా, నా ముందు కూర్చుని వేలు పెట్టి కూడబలుక్కుంటూ తన పేరు దాకా చదివి, "తర్వాత ఏం రాసినారు సార్?" అని అడిగిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

మీ విషయంలో ఇంకా పెద్ద తంటా. మీరు ప్రొద్దుటూరు గడప దాటకపోయినా, దేశం బయట జరిగే నేరానికి ఇక్కడి నుంచి పురికొల్పితే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్ 47వ సెక్షన్ కింద ఇక్కడే నేరం. ఎత్తుకొచ్చేవాడు భారతీయుడైతే బయట చేసిన నేరానికైనా మన చట్టం వర్తిస్తుంది, విచారణకు కేంద్రం అనుమతి ఉంటే చాలు. రహస్యంగా నిర్బంధించే ఉద్దేశంతో మనిషిని ఎత్తుకొస్తే 140(3), ఏడేళ్ల దాకా. కొడతామనో చంపుతామనో బెదిరించి బాకీ కక్కించాలని చూస్తే 140(2) దాకా పోవచ్చు, దానికి యావజ్జీవమో మరణశిక్షో.

ఇక అప్పగింత. నేపాల్‌తో మనకు 1953 నుంచే ఒప్పందం ఉంది. వేరే దేశం అడిగితే 1962 అప్పగింత చట్టం కింద ముందు మేజిస్ట్రేటు విచారణ జరిపి ప్రాథమిక ఆధారం ఉందో లేదో చూస్తారు, ఆఖరి మాట కేంద్రానిది. ఒకవేళ ఏదో కారణంతో పంపకూడదనుకుంటే 34ఏ సెక్షన్ కింద ఇక్కడే ప్రాసిక్యూట్ చేయవచ్చు. అంటే మనవాళ్లు మనల్ని ఇవ్వరులే అనే ధైర్యానికి అర్థం లేదు. అసలు అంత దాకా రాకుండా బార్డరు దగ్గరే నేపాల్ పోలీసులు పట్టుకుంటే ఆ బెంగళూరు ఆయన మొదట చెప్పే పేరు మీదే.

ఇంత టెన్షన్ ఎందుకోసం? షూరిటీ కింద మీకు పోయేది ఎక్కువలో ఎక్కువ రెండు లక్షలు, ఆ బెంగళూరు ఆయన అడిగింది మూడు. కోర్టు బాండు జప్తు చేసి బీఎన్‌ఎస్‌ఎస్ 491 సెక్షన్ కింద నోటీసు ఇస్తే దాన్ని పక్కన పడేయకుండా జవాబు ఇవ్వండి, కట్టకపోతే చివరికి ఆరు నెలల దాకా సివిల్ జైలు కూడా ఉంటుంది. మీరు వెతికారని, అడ్రసు కోర్టుకు ముందే చెప్పారని చూపిస్తే జడ్జి కారణాలు రాసి పెనాల్టీ తగ్గించవచ్చు, ఇలా తగ్గించుకున్నవాళ్లు నా క్లయింట్లలోనే ఉన్నారు. అందుకని ఖాట్మండు అడ్రసు, ఫొటో, ఫోన్ నంబరు అన్నీ ఈ వారమే మెమోతో కోర్టులో వేయించండి, కాపీ స్టేషన్‌కు ఇచ్చి రసీదు తీసుకోండి. అదే చట్టం 84 కింద పరారీలో ఉన్నాడని ప్రకటన, 85 కింద ఆస్తి జప్తు అడగమని ప్రభుత్వం తరఫు వకీలు ఏపీపీ గారిని కలవండి. బయటి దేశంలో ఉన్నవాడి కోసం ఇంటర్‌పోల్ నోటీసు పోలీసుల ద్వారా సీబీఐ నుంచి, అప్పగింత కోరిక విదేశాంగ శాఖ నుంచి పోవాలి. నెమ్మదిగానే నడుస్తుంది, నేను అబద్ధం చెప్పను.

పద్దెనిమిది లక్షలకు వేరే దావా వేయాలి. నోటు తేదీ చూసుకోండి, మూడేళ్లు దాటితే దావా పోతుంది. ఇల్లు ఇక్కడే ఉంది కాబట్టి తీర్పుకు ముందే జప్తు కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 38 రూల్ 5 కింద పిటిషన్ వేయించండి, వాడు ఖాట్మండులో ఉండి జీపీఏ (పవరాఫ్ అటార్నీ) మీద ఇల్లు అమ్మేసే లోపే.

ఆ యాభై వేల గురించి. ఫోన్‌లో వద్దని చెప్పాక అదే మాట మెసేజ్‌గా కూడా పెట్టండి, ఎవరినీ ఎక్కడి నుంచీ తీసుకురావద్దని తేటతెల్లంగా. పాత మెసేజ్‌లు ఒక్కటి కూడా చెరపకండి, ఫోన్ అలాగే మీ వకీలుకు చూపించండి. అడ్వాన్సు తిరిగి రాదు, అడగడానికి బెంగళూరు పోవద్దు.